ఏప్రిల్ నుంచి బిగుసుకున్న మేక

రాళ్ళకుంట మండలంలోని మేకలన్నీ చప్పుడు వినగానే కాళ్ళు బిగుసుకుని పక్కకి ఒరిగిపోవాలన్న ఉత్తర్వు ఆగస్టులో వచ్చింది; అమలు మాత్రం ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి. ఇందులో వింతేమీ లేదు. పశువుల జన్యువుల్ని ఉత్తర్వు ద్వారా మార్చే అధికారం పశుసంవర్ధక శాఖకి ఎప్పటినుంచో ఉంది. ఉత్తర్వులు వెనకటి తేదీ నుంచి అమలు కావడమూ మనం ఎరగని సంగతి కాదు. ఆ రెండూ ఒకే కాగితం మీద కలుసుకోవడం మాత్రం అదే మొదటిసారి.

మార్పుకి కారణం సబబైనదే. టీకాల క్యాంపు పెట్టినప్పుడల్లా మేకలు సూదిని చూసి గుట్టెక్కేవి. సిబ్బంది వాటి వెంటపడి, మోకాళ్ళు గీరుకుపోయి, ఖాళీ చేతులతో తిరిగొచ్చేవారు. మందను ఆపడానికి ఊరికొక కంచెదొడ్డి కావాలని మండలం నుంచి రాశారు. కంచెకి నిధులు లేవు, జన్యువుకి ఉన్నాయి అని పైనుంచి జవాబొచ్చింది. అంతకు ముందు ఏడాది పక్క మండలం వాళ్ళు కోళ్ళ షెడ్లకి ఫ్యాన్లు అడిగితే, ఫ్యాన్లకు బదులు కోళ్ళకి మెడ మీద ఈకలు రద్దు చేశారు. ఎండకి కోళ్ళు చావడం నిజంగానే తగ్గింది. చలికాలంలో అవి వణుకుతుంటే ఏం చెయ్యాలన్నది వేరే సెక్షన్ చూసుకోవలసిన విషయం.

రాళ్ళకుంట పశువైద్యశాలలో డాక్టరు పోస్టు చాలా ఏళ్ళుగా ఖాళీ. సీనియర్ అసిస్టెంట్ తిప్పేస్వామే అక్కడ ఆఫీసంతా. కాబట్టి ఉత్తర్వు ఎలా పనిచేస్తుందో జిల్లాలో జరిగిన శిక్షణకి వెళ్ళి విన్నదీ, ఊళ్ళు తిరిగి జనానికి చెప్పిందీ అతనే. మేక ఒంట్లో ప్రతి కణంలోనూ దాని పుట్టుక రాత ఉంటుంది. ఆ రాతను చదువుకుంటూ కణం అమైనో ఆమ్లాల్ని పూసల్లా వరసగా గుచ్చుతుంది. గుచ్చిన దండ తనంతట తానే మడతపడి ఒక ప్రోటీన్ అవుతుంది. ఏ మడతకి ఆ పని. కండరం గోడలో ఉప్పు రేణువులు రావడానికీ పోవడానికీ ఒక తలుపు ఉంటుంది, అదీ అలాంటి ప్రోటీనే. బిగిసిన కండరం మళ్ళీ వదులు కావాలంటే ఆ తలుపు సరిగ్గా తెరుచుకోవాలి. ఉత్తర్వు చేసిందల్లా రాతలో ఒక్క అక్షరం మార్చడం. అక్షరం మారితే పూస మారింది, పూస మారితే మడత మారింది, మడత మారేసరికి తలుపు వానకి ఉబ్బిన చెక్క తలుపులా ఇరుక్కుపోయింది. కండరంలోకి భయం వస్తుంది, పోవడానికి మాత్రం దారి దొరకదు.

మేకకి స్పృహ తప్పదని శిక్షణలో ప్రత్యేకంగా చెప్పారు. కళ్ళు తెరిచే ఉంటాయి. తన మీదికి ఎవరొస్తున్నారో, తనని ఏం చేస్తున్నారో అంతా చూస్తూనే ఉంటుంది. కాసేపటికి బిగువు సడలి లేచి, ఏమీ జరగనట్టు మేతకి దిగుతుంది. ఈ ఆఖరి సంగతిని ఈ మార్పు వల్ల కలిగే సుగుణాల్లో చేర్చారు.

అమలు బ్రహ్మాండంగా సాగింది. ఊరి మొదట్లో నిలబడి విజిల్ ఊదితే చాలు, మందలు మందలుగా ఒరిగిపోయేవి. సిబ్బంది తీరిగ్గా కుర్చీ జరుపుకుంటూ టీకాలు వేశారు. జిల్లా పేపర్లో ఫొటో పడింది. చిన్నచిన్న ఇబ్బందులు లేకపోలేదు. బస్సు హారన్ కొడితే మేకలు తప్పుకోవడానికి బదులు తారురోడ్డు మీదే పడిపోయేవి. డ్రైవరూ కండక్టరూ దిగి, వాటిని కాళ్ళు పట్టుకుని పక్కన పెట్టి, మళ్ళీ బండెక్కేవారు. కొన్నాళ్ళకి బస్సు టైము పట్టికలో అందుకు కూడా వ్యవధి కలిపారు.

ఇక ఏప్రిల్ ఒకటో తేదీ సంగతి. అది తిప్పేస్వామి చలవే. ముసాయిదా తయారుచేసి పంపమని జిల్లా ఆఫీసు అతన్నే అడిగింది. అతను తన సర్వీసులో చూసిన మంచి ఉత్తర్వులన్నీ వెనకటి తేదీ నుంచి వర్తించినవే. జీతాలు పెరిగినా, కరువు భత్యం పెరిగినా, ఆలస్యంగా వచ్చి ముందు నుంచి లెక్కకొచ్చేవి. అలా కాని ఉత్తర్వులో ఎవరో ఒకరు నష్టపోతారని అతని నమ్మకం. పాపం మేకలు మాత్రం ఎందుకు నష్టపోవాలని, ఆర్థిక సంవత్సరం మొదటి రోజు నుంచి వర్తించేట్టు ఒక వాక్యం చేర్చాడు. పైవాళ్ళకి ఆ వాక్యం ఎంత అలవాటంటే, ఎవరి కంటికీ ఆనలేదు.

ఆనింది ఆడిట్‌కి వచ్చిన వరదరాజులు గారి కంటికి. ఆయన నెమ్మదస్తుడు, గొంతు పెంచి మాట్లాడే రకం కాదు. చినగుడ్డంపల్లి హనుమక్క ఏప్రిల్లో ఇచ్చిన వాంగ్మూలాన్ని ఆయన టీ తాగుతూ చదివాడు. ఆ నెల మొదట్లో ఎర్రగుట్ట మీద ఆమె మంద మీద తోడేలు పడింది. ఒక పిల్లమేకను ఎత్తుకుపోయింది. పరిహారం కోసం ఆమె వస్తే తిప్పేస్వామే కూర్చుని రాసుకున్నాడు: మందకి ముందు నడిచే నల్లచెవుల మేక తోడేలును చూసి ఉరకడంతో, మిగతావీ దాని వెంట ఉరికి ప్రాణాలు దక్కించుకున్నాయి. తోడేలు అటవీ శాఖ కిందికి వస్తుంది కాబట్టి పరిహారం రాలేదు గాని, రాసింది మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆయన లెక్క ముక్కుసూటిగా ఉంది. ఏప్రిల్ ఒకటి నుంచి మండలంలో ఏ మేకా ఉరకలేదు. అయినా ఇది ఉరికింది. అంటే ఆ ఉరకడం నిబంధనలకు విరుద్ధం. ఉరకకపోయి ఉంటే తోడేలు నోటపడేది కనుక, అది ఇప్పటిదాకా బతికి ఉండడం కూడా విరుద్ధమే. మరి మంద మొత్తం ఉరికింది కదా సార్ అని తిప్పేస్వామి అడిగాడు. మిగతావి తమ పైదాన్ని చూసి చేశాయి, అలాంటి వాటిని మన్నించడం రివాజే అన్నాడు వరదరాజులు. మొదట ఉరికినదాన్ని మాత్రం క్రమబద్ధం చెయ్యాలి. అంటే ఏప్రిల్లో ఉండవలసిన స్థితికి దాన్ని తేవాలి.

మెమో పట్టుకుని తిప్పేస్వామి చినగుడ్డంపల్లికి వెళ్ళాడు. హనుమక్క గుడిసె ముందు మనవరాలిని ఒళ్ళో వేసుకుని పాలు పడుతోంది. పిల్ల తల్లి బెంగుళూరులో బట్టల ఫ్యాక్టరీకి పోతుంది. పిల్లకి డబ్బా పాలు సరిపడక ఒళ్ళంతా దద్దుర్లు లేస్తే, నల్లచెవుల మేక పాలు పట్టాకే తెరిపిన పడింది. ఇదంతా అతనికి తెలుసు. మెమో ఇవ్వడానికి వెళ్ళినవాడికి ఏమీ తెలియకపోతే ఎంత సుఖమో అనిపించింది. ఒకటికి రెండుసార్లు విడమరిచి చెప్పాడు.

"అది ఉరికింది సామీ. నేను నా కండ్లతో చూసినా."

"ఉరికింది నిజమేక్కా. కానీ ఉరికి ఉండకూడదు."

"ఆ పొద్దు ఆర్డరు ఉన్యాదా?"

"ఆ పొద్దు లేదు. ఇప్పుడొచ్చినాక, ఆ పొద్దు గూడా ఉన్నట్టే."

హనుమక్క ఆశ్చర్యపోలేదు. ఆమె మొగుడు కూడా సర్కారు కాగితాల్లో ముందే చనిపోయి, ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో అన్నం తిన్నాడు. అప్పుడు ఆఫీసుకి వెళితే, చనిపోయినవాడు కాబట్టి పింఛను రాదన్నారు. మేకకీ అలాంటిదే వచ్చిందని ఆమెకి అర్థమైంది. మొగుణ్ణి కనీసం తినడానికి వదిలేశారు కదా, దీన్నెందుకు తీసుకుపోతారని మాత్రం అడిగింది.

అప్పుడే ఊరి బయట పాలవ్యాను హారన్ మోగింది. వాకిట్లో మందంతా ఒరిగిపోయింది. నల్లచెవుల మేక ఒక్కటే నాలుగు కాళ్ళ మీదా నిలబడి, చెవులు రిక్కించి చూసి, మళ్ళీ తుమ్మకాయ నమలసాగింది. తిప్పేస్వామి కళ్ళు విప్పార్చుకుని చూశాడు. చేతులు తట్టి చూశాడు. పళ్ళెం కింద పడేసి చూశాడు. అది పడలేదు సరికదా, అతనికేమైందోనన్నట్టు అతని వంక చూసింది.

ఆ పూటే దాని రక్తం తీసి జిల్లా ల్యాబ్‌కి పంపించాడు. వచ్చిన రిపోర్టు చదివి అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. రాతలో మూడేసి అక్షరాలకి ఒక పూస. కొన్ని పూసలకి ఒకటికి మించి గుర్తులుంటాయి. ఈ మేక వంశంలో, ఏ తాతల కాలంలోనో, పక్కనున్న అక్షరం ఒకటి ఎవరి ఉత్తర్వూ లేకుండా తనంతట తానే మారిపోయి ఉంది. దాని వల్ల అప్పట్లో మంచీ జరగలేదు, చెడూ జరగలేదు. ఎన్నో తరాలు అది ఏ పనీ లేకుండా మేకల ఒంట్లో ఊరికే తిరిగింది. ఇప్పుడు ఉత్తర్వు వచ్చి అసలు అక్షరాన్ని మార్చేసరికి, ఆ రెండూ కలిసి మళ్ళీ పాత పూసే వచ్చింది. పూస అదే, మడత అదే, తలుపు ఎప్పటిలా తెరుచుకుంటోంది. ఉత్తర్వులో ఉన్నది అక్షరం మార్చాలనే. ఈ మేకలో అక్షరం మారింది. అంటే ఉత్తర్వును అక్షరాలా పాటిస్తూనే అది ఏప్రిల్లో ఉరకగలదు. ఉరికింది కూడా. ఇందులో విరుద్ధం ఎక్కడుంది?

మెమో మీద జిల్లా నుంచి మేడం వచ్చి జరపబోయే విచారణలో ఈ ఒక్క మాట చెబితే చాలు, మేక దక్కుతుంది. తిప్పేస్వామి మళ్ళీ చినగుడ్డంపల్లికి వెళ్ళి హనుమక్కకి ధైర్యం చెప్పాడు. ఆమెకి పూసల సంగతి ఎంత అర్థమైందో గాని, ఒక్కటే అడిగింది.

"ఆ మాట నువ్వు మేడంకి చెప్తావు కదా సామీ?"

"నేనే చెప్తాక్కా. నేను గాక ఎవరు చెప్తారు."

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాటను ఇంట్లో అద్దం ముందు, స్కూటరు మీద, ఆఫీసులో ఫైళ్ళ బీరువా ముందు చెప్పుకుని చూసుకున్నాడు. ప్రతిసారీ చక్కగా వచ్చింది.

విచారణకి జిల్లా నుంచి జాయింట్ డైరెక్టర్ మాధురీలత గారు వచ్చారు. ఆమె కారు మలుపు తిరుగుతూ హారన్ కొట్టేసరికి, ఆస్పత్రికి తెచ్చిన మేకలు వరండా పొడుగునా పడిపోయాయి. ఆమె వాటిని తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ లోపలికి వచ్చింది. చెడ్డమనిషి కాదు. హనుమక్కకి కుర్చీ వేయించింది, పిల్ల ఏడుస్తుంటే ఫ్యాను అటు తిప్పమంది. వరదరాజులు చెప్పినదంతా ఓపిగ్గా వింది. వాకిలి గుంజకి కట్టిన నల్లచెవుల మేకని కిటికీలోంచి ఒకసారి చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది.

"చెప్పండి తిప్పేస్వామి గారూ. ఆఫీసు తరఫున ఏమైనా చెప్పేది ఉందా?"

కళ్ళజోడు టేబుల్‌కి తగిలిన చప్పుడు చాలా చిన్నది. తిప్పేస్వామి లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక మోకాళ్ళ దగ్గర మొదలై, నడుం, భుజాలు, మెడ, ఆఖరికి దవడలు ఒక్కొక్కటే బిగుసుకున్నాయి. రిపోర్టు చొక్కా జేబులోనే ఉంది. చెయ్యి అక్కడికి వెళ్ళలేదు. మాట నాలుక చివర సిద్ధంగా ఉంది, నాలుక కదలలేదు. అతనికి అన్నీ కనబడుతూనే ఉన్నాయి. హనుమక్క తన నోటి వైపే చూడడం, వరదరాజులు పెన్ను మూత తీయడం, వాకిట్లో మేక దురద పుట్టి గుంజకి మెడ రాసుకోవడం, అన్నీ. లోపల అతను గొంతు చించుకుని అరుస్తున్నాడు. పైకి మాత్రం చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డ ఉద్యోగిలా ఉన్నాడు.

మేడం తగినంత సేపు ఆగింది. ఆమెని ఏమీ అనడానికి లేదు. ఆఫీసుకి అభ్యంతరం లేదని రాయించి, ఆదేశం చెప్పింది. మేకను ఎర్రగుట్ట మీద తోడేలు పడిన చోట, ఏప్రిల్లో ఉండవలసిన విధంగా, కదలకుండా ఉంచాలి. తోడేలు అటవీ శాఖది కాబట్టి అది ఎప్పుడు వచ్చేదీ ఈ శాఖ నిర్ణయించదు. ఈ మేక తనంతట తాను బిగుసుకోవడం లేదని అటెండరు గుర్తుచేస్తే, ఒక తాడు మంజూరు చేసింది. తిప్పేస్వామి దవడలు సడలేసరికి కారు మలుపు దాటిపోయింది.

హనుమక్క అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్లని భుజాన వేసుకుని, తాడు వెంట మేక నడుస్తుంటే, దాని పక్కనే నడిచి గుట్ట దాకా వెళ్ళింది. ఆ తర్వాత రోజూ పొద్దున్నే గుట్టెక్కి, మేత వేసి, నీళ్ళు పెట్టి, పిల్లకి పాలు పితుక్కుని దిగేది. తోడేలు ఇంకా రాలేదు. ఊళ్ళో ఇది కూడా ఒక పద్ధతి అయిపోయింది. ఎదురుపడిన వాళ్ళు మేక ఎట్లుందని అడిగేవారు, ఇంకా ఉందని ఆమె చెప్పేది.

తిప్పేస్వామికి అన్నం సహించలేదు. తనకి మేకల మార్పు అంటుకుందన్న అనుమానం పట్టుకుంది. ఉత్తర్వులో "మండలంలోని" అన్న మాట ఉంది, తనూ మండలంలోనే ఉంటాడు. ఆ అనుమానమే అతనికి ఒక రకంగా ఊరట కూడా. తలుపు ఇరుక్కుపోయి ఉంటే మనిషి మాత్రం ఏం చేస్తాడు? ఎవరికీ చెప్పకుండా తన రక్తం ల్యాబ్‌కి పంపి, రిపోర్టు కోసం కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. రిపోర్టు వచ్చింది. కండరం తలుపు ప్రోటీన్ అక్షరం పొల్లుపోకుండా సరిగ్గా ఉంది. తెరుచుకోవలసినప్పుడు తెరుచుకుంటోంది, మూసుకోవలసినప్పుడు మూసుకుంటోంది. పొరపాటేమోనని తిప్పేస్వామి ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడికి ఫోన్ చేశాడు.

"మీకేం లేదన్నా. ఇట్లాంటి శాంపిల్స్ మీ ఆఫీసుల నుంచి శానా వచ్చినాయి. ఒక్కరికీ ఏం లేదు."

ఉద్యోగులకు కూడా ఈ మార్పు వర్తింపజేస్తే బాగుంటుందన్న ప్రతిపాదన ఒకటి అప్పటికే జిల్లాలో నడుస్తోంది. అవసరం లేదని తేలడంతో దాన్ని మూసేశారు.

ఆ రోజు తిప్పేస్వామి ఆఫీసు నుంచి నేరుగా ఎర్రగుట్టకి వెళ్ళాడు. ఎండ ఇంకా బాగానే ఉంది. గుట్ట కింద హనుమక్క మంద మేస్తోంది. పైన మేక పక్కనే ఆమె కూర్చుని ఉంది, పిల్ల నీడలో నిద్రపోతోంది. అక్కడ కాపలా ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. తాడు మామూలు తాడు, ముడి మామూలు ముడి. ఇన్నాళ్ళూ ఈ ముడిని ఎవరైనా విప్పవచ్చునన్న సంగతి ఇప్పుడు చూస్తే గాని అతనికి తోచలేదు.

"నువ్వే ఎందుకు విప్పలేదక్కా?" అని అడిగాడు.

"నేను విప్పితే దొంగతనం అంటారు సామీ. నువ్వు విప్పితే ఆపీసు విప్పినట్టు."

అతను అవునన్నాడు. నిజానికి అతను వచ్చింది అందుకే. మోకాళ్ళ మీద కూర్చుని ముడి పట్టుకున్నాడు. మేక అతని చెయ్యి వాసన చూసింది. ఒక మెలిక వదులైంది. రెండోది వదులు చేస్తుండగా కింద రోడ్డు మీద శాఖ జీపు వెళుతూ ఎవరికోసమో హారన్ కొట్టింది. అది వీళ్ళ కోసం కాదు. గుట్ట మీద ఎవరున్నారో జీపులో వాళ్ళకి తెలియనే తెలియదు. కింద మందంతా ఒకేసారి ఒరిగిపోయింది. తిప్పేస్వామి వేళ్ళు తాడు మీద అలాగే బిగుసుకున్నాయి. నల్లచెవుల మేక ఒక్కటే రోడ్డు వైపు చూసి, పోవడానికి సిద్ధపడి, తాడును ఒకసారి గుంజింది.

జీపు పోయింది. దుమ్ము కూడా అణిగింది. హనుమక్క అతని చేతుల వంకా, ముఖం వంకా చూసింది. ఆమె గొంతులో కోపం లేదు, జాలి ఉంది.

"నీకు గూడా వచ్చినాదా సామీ?"

దవడ సడలడానికి కాస్త సమయం పట్టింది.

"లేదక్కా," అన్నాడు తిప్పేస్వామి. "నాకంతా బాగానే ఉందంట. రిపోర్టు వచ్చింది."

కింద మేకలు ఒక్కొక్కటే లేచి మేతకి దిగాయి. అతని చెయ్యి ఇంకా ముడి మీదే ఉంది.